అంగడి అనుభవము – ఆచార్యపీఠము

వర్తకము చేసినవాడే వర్తకమును బోధింపవలెనా? ఈ ప్రశ్న విన్నంతనే పెక్కుమంది, "ఈదుట యెరుగనివాడు ఈత నేర్పగలడా?" యని ఎదురు ప్రశ్న వేయుదురు. అంతటితో వాదము ముగిసినట్లే తోచును. కాని ఒక్క నిమిషము నిలిచి చూచినచో, ఈదుట యెరిగినవారందరును ఈత నేర్పగలవారు కారనియు, వరదలో కొట్టుకొనిపోయి ఒడ్డు చేరినవాడు తానెట్లు చేరెనో తానే చెప్పలేకపోవచ్చుననియు తెలియును. అంతేకాదు. ఒడ్డు చేరుటకై అతడు మరియొకని భుజములపై కాలు మోపియుండవచ్చును. ఆ సంగతి శిష్యులకు చెప్పునా, దాచునా? మేమీ వ్యాసమున చర్చింప దలచినది ముఖ్యముగా ఈ చివరి ప్రశ్ననే.

ఇది ఊరక పుట్టిన చర్చ కాదు. యు.జి.సి. అని అందరెరిగిన విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2022వ సంవత్సరమున 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అను నూతన పదవికి మార్గదర్శక సూత్రములను ప్రకటించిరి. తన వృత్తియందు కనీసము 15 సంవత్సరముల అనుభవము గడించి, అందు పేరు తెచ్చుకొన్నవారిని, వారికి డాక్టరేటు వంటి పట్టములు లేకున్నను, విశ్వవిద్యాలయములు ఆచార్యులుగా పిలుచుకొనవచ్చును. అట్టివారి సంఖ్య మంజూరైన పదవులలో నూటికి 10కి మించరాదు. మొదట ఒక సంవత్సరము వరకు, మొత్తముమీద మూడు సంవత్సరములు, మిక్కిలి అవసరమైనచో నాలుగవ సంవత్సరము – ఇదియే గడువు. ఇంతకు ముందే ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికిని, అందుండి విరమించినవారికిని ఈ పదవి కాదు. మనము దీనిని తెలుగున 'అనుభవాచార్య పదవి' యందము. అంగడికిని, ఆచార్యపీఠమునకును నడుమ నున్న గోడలో ప్రభుత్వమే ఒక తలుపు తెరచినట్లయినది. తలుపు తెరచుట మంచిదే. లోనికి వచ్చువాడు చేతిలో ఏమి పట్టుకొని రావలెనన్నదే విచారింపవలసిన విషయము.

మేము పండితులము కాము. షోలాపురమున నలువది సంవత్సరములు నూలు బేరమును, తువాళ్ల నేతను సాగించిన వారము. తెలంగాణమునుండి మగ్గము భుజాన వేసికొని వచ్చినట్లుగా ఈ ఊరికి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబములలో మాది యొకటి. పడుగు, పేక, గంజి, కండె అను మాటలు మాకు అక్షరముల కంటె ముందుగా వచ్చినవి. కార్ఖానా పిల్లల చేతికి అప్పగించిన పిమ్మట, ఊరిలోని ఒక కళాశాలవారు వారమునకు రెండు గంటలు వాణిజ్యశాఖ విద్యార్థులకు 'వ్యాపారానుభవము' చెప్పుమని మమ్ము పిలిచిరి. పూలమాల వేసిరి, శాలువ కప్పిరి. మేమును పొంగిపోయితిమి. ఆ పొంగు ఎట్లు దిగెనో ముందు చెప్పుదుము.

మొదట అనుభవమునకు గల అసలు విలువను, దాని హద్దును చూపు ఒక చిన్న ఉదాహరణము. నూలును తూకము మీద కొందురు. వానకాలమున వచ్చిన మూట చేతికి బరువుగా తగులునని మా నాయనగారు చెప్పెడివారు. మూట విప్పి, కండెను అరచేతిలో నొక్కి, "దీనిలో నీళ్లున్నవి" అని వెల తగ్గించి అడిగెడివారు. మేమును అట్లే నేర్చితిమి. దలాలీ వాదించును, మేము వాదింతుము, ఎవరి గొంతు పెద్దదైన వారిది గెలుపు. నలువది యేండ్లు ఇట్లు గడచినవి. కళాశాలలో మాతోపాటు పాఠము చెప్పు ఒక యువ అధ్యాపకుడు ఒకనాడు టీ త్రాగుచు ఈ మాట విని, నూలులో సహజముగా ఉండదగిన చెమ్మకు ప్రపంచమంతటను అంగీకరించిన ప్రమాణమొకటి కలదని చెప్పెను. పూర్తిగా ఆరిన ప్రత్తినూలు నూరు పాళ్లకు ఎనిమిదిన్నర పాళ్లు నీరు. అంతకు మించినది కొనువానికి నష్టము. ఎనిమిదిన్నరకు బదులు పదకొండు పాళ్లున్నచో, 50 కిలోల మూటలో కిలోకు పైబడి నీటికే మనము నూలు వెల నిచ్చుచున్నామన్న మాట. పొయ్యిలో ఆరబెట్టి తూచినచో ఇది కాగితము మీద ఋజువగును, వాదముతో పని లేదు. మా చేయి సత్యమునే చెప్పినది, కాని ఎంత అన్నది, ఎందుకన్నది దానికి తెలియదు. తెలియని దానికి మేము గొంతు అరువు తెచ్చుకొంటిమి. ఆ యువకునికి కండెను నొక్కి చూచుట తెలియదు. మాకు ఎనిమిదిన్నర తెలియదు. విద్యార్థికి రెండును కావలెను.

కావున పుస్తకజ్ఞానము వేరు, అనుభవజ్ఞానము వేరు అను మాటను మేము అంతగా నమ్మము. నేటి పుస్తకములలో 'సిద్ధాంతము' అని అచ్చైన దానిలో చాలభాగము నిన్నటి అంగడిలోనిదే. ఒకసారి ఎంత సరుకు తెప్పించుకొనవలెను, ఎంత తయారు చేయవలెను అను లెక్కకు వాణిజ్య విద్యార్థులందరును వల్లించు వర్గమూలపు సూత్రమొకటి కలదు. దానిని 1913లో అమెరికాలో ప్రకటించిన ఫోర్డ్ హారిస్ కళాశాల మెట్టెక్కినవాడు కాడు, యంత్రశాలలో పనిచేసిన ఇంజనీరు. అమ్మకము నాలుగు రెట్లు పెరిగినచో తెప్పించు సరుకు రెండు రెట్లే పెరుగవలెనని ఆ సూత్రము చెప్పును. నాలుగు రెట్లు తెప్పించి గిడ్డంగి నింపుకొని, వడ్డీ కట్టలేక చితికిపోయిన వర్తకులను మేము కన్నులార చూచితిమి. ఇంకను వెనుకకు పోయినచో, 1494లో వెనిస్ నగరమున అచ్చైన లూకా పచియోలి గణితగ్రంథము కనబడును. జమకు ఖర్చు, ఖర్చుకు జమ చూపు జంటపద్దుల పద్ధతిని అతడు కనిపెట్టలేదు. వెనిస్ వర్తకులు చిరకాలముగా వ్రాసికొనుచున్న దానినే అతడు వివరించి అచ్చొత్తించెను. ఆ సన్న్యాసి యౌవనమున ఒక వెనిస్ వర్తకుని ఇంట పిల్లలకు చదువు చెప్పినవాడు. మన భాషలోనే చూడుడు, పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన గణితమును తెలుగు పద్యములలో పెట్టినది పండితుల వినోదమునకు మాత్రమే కాదు, కొలతలు, వడ్డీలు, పంపకములు నిత్యము కావలసిన జనము ఉన్నందుననే.

అయితే పచియోలి చేసిన పనిలో మరియొక విశేషమున్నది, దానిని గూర్చి ఎవరును ఎక్కువగా తలపరు. అంతవరకు ఆ విద్య ఒక వర్తకుని ఇంటినుండి ఆతని కొడుకునకు, గుమాస్తానుండి గుమాస్తాకు పోవుచుండెను. అచ్చైన నాటినుండి అది ఎవడైనను చదువదగినది, ఎవడైనను తప్పు పట్టదగినది అయినది. అంగడి ధర్మమునకును విద్యాలయ ధర్మమునకును గల భేదము ఇక్కడనే యున్నది. అంగడి రహస్యము మీద నడచును. కొన్నవెల చెప్పకూడదు, ఎవనికి ఎంత ఉద్దెర యిచ్చితిమో చెప్పకూడదు, నష్టము వచ్చినచో అసలే చెప్పకూడదు. ఆవర్జా పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేయుదుము. విద్యాలయము దీనికి పూర్తిగా విరుద్ధము. అచ్చట ఏ మాట చెప్పినను, "ఎట్లు తెలిసినది?" అని చివరి బల్లమీద కూర్చున్న కుర్రవాడు అడుగవచ్చును. అడిగిన వానికి ఉత్తరము చెప్పవలెను. "నలువది యేండ్లుగా చేయుచున్నాము" అనునది అంగడిలో చెల్లు జవాబు. తరగతిలో అది జవాబే కాదు.

ఇతర వృత్తులలో ఈ చిక్కు ఇంతగా లేదు. వైద్యమును బోధించువాడు రోగి మంచము ప్రక్కనే నిలిచి బోధించును. అతని చేతిలో వ్యాధి కుదురుచున్నదో లేదో శిష్యులు చూచుచునే యుందురు. న్యాయవాదులు న్యాయకళాశాలలో దినమునకు మూడు గంటలకు మించకుండ పాఠము చెప్పవచ్చునని 1979 నాటి నియమములే అనుమతించుచున్నవి. వారి వాదము, తీర్పు రెండును కోర్టు దస్తావేజులలో నిలిచియుండును. చార్టర్డ్ అకౌంటెంటు కాగోరు కుర్రవాడు ఇప్పుడు రెండు సంవత్సరములు ఒక లెక్కల కార్యాలయములో కూర్చుండి పని నేర్చుకొనవలెను, లోగడ అది మూడు సంవత్సరములు. వర్తకుడు మాత్రము తన అంగడిని ఇంటివద్ద విడిచి, తన కథను మాత్రమే వెంట తెచ్చుకొని తరగతికి వచ్చును. కథ చెప్పువాడే కథానాయకుడు. ప్రతికక్షి ఎదుట లేడు, సాక్షులు లేరు, పద్దుపుస్తకము లేదు. మేము చెప్పిన ప్రతి కథలోను చివరకు మేమే గెలిచితిమి. ఇది మాకు తోచుటకు రెండు మాసములు పట్టెను.

హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 1908లో వ్యాపార విద్యాలయము స్థాపించినప్పుడే ఈ చిక్కును ఎదుర్కొనిరి. 1911 ప్రాంతమున ఆర్చ్ షా అను వ్యాపారి అచ్చట ఒక క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టెను. ఆతడు పత్రికలు నడపి పైకి వచ్చినవాడు. హారిస్ సూత్రము మొదట వెలువడినదియు ఆతని సంస్థ ప్రచురించు పత్రికలోనే. ఆ పద్ధతిలో వర్తకుడు తరగతికి వచ్చి తన విజయములను వర్ణింపడు. తాను ఆ సమయమున ఎదుర్కొనుచున్న చిక్కును మాత్రము చెప్పి, ప్రశ్నలకు బదులిచ్చి వెళ్లిపోవును. విద్యార్థులు తమకు తోచిన పరిష్కారమును వ్రాసి తెత్తురు. అటుపిమ్మట ఆ వర్తకుడు మరల వచ్చి వారి వ్రాతలను వారితో చర్చించును. దీనిలోని గుట్టు గమనింపుడు. వర్తకునికి సమాధానము తెలియకముందే అతనిని రప్పించిరి. తెలిసిన తరువాత వచ్చినవాడు తాను మొదటినుండియు తెలిసినవానివలె మాట్లాడును. తెలియనివాని తడబాటే వ్యాపారములోని అసలు అనుభవము. అదియే పుస్తకములో దొరకనిది.

ఈ మాటలన్నియు మేము ఇప్పుడు చెప్పుచున్నాము. తరగతిలో మొదట చేసినది వేరు.

'నిర్వహణ మూలధనము' అను పాఠము వచ్చినది. కార్ఖానా నడుచుటకు దినదినము చేతిలో ఉండవలసిన రొక్కమును గూర్చిన పాఠము. దీనికి మావద్ద మంచి కథ యున్నదని సంతోషించితిమి. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్లు ఆ అర్ధరాత్రినుండి చెల్లవని ప్రకటించిరి గదా. ఆనాడు మా ఇనుప పెట్టెలో నూలుకై తెచ్చి యుంచిన రొక్కము చాల యుండెను. ఊరిలో పెక్కు మరమగ్గములు ఆగిపోయినవి. మావి ఒక్క దినమైనను ఆగలేదు. ఆ శనివారమున మేము నేతగాండ్రకు వారపు కూలిని ఆ పాత నోట్లలోనే ఇచ్చితిమి, తరువాతి వారమును అట్లే. కొందరికి ముందు వారముల కూలిని గూడ బయానాగా ఇచ్చితిమి. పెట్టె ఖాళీ అయినది, నూలువానికి బాకీ పడలేదు, మగ్గము నిలువలేదు. "రొక్కమును చలనములో ఉంచుటయన ఇది" అని ముగించితిమి. పిల్లలు చప్పట్లు కొట్టిరి.

అప్పుడు మూడవ వరుసలో కూర్చున్న ఒక బాలిక లేచి మరాఠీలో అడిగెను – ఆ నోట్లు మార్చుకొనుటకు బ్యాంకు ముందర వరుసలో నిలిచినది ఎవరు?

మేము ఏదో చెప్పితిమి. ఏమి చెప్పితిమో ఇప్పుడు జ్ఞాపకము లేదు, చెప్పదగినది కాదని మాత్రము జ్ఞాపకమున్నది. గంట మ్రోగినది. వాకిటి వద్ద ఆ బాలిక మాకోసము నిలిచి, ఈసారి తెలుగులో, "మా అమ్మ మూడు రోజులు నిలబడింది సర్. మీ కార్ఖానా కాదు, వేరేది. మా నాన్న వేరే చోట నేస్తాడు" అనెను. కోపముతో అన్నది కాదు. మమ్ము ఊరడించుటకు, అది మా కార్ఖానా కాదని చెప్పుటకే నిలిచినది. ఆ సౌజన్యము మాకు ఇంకను బరువైనది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చెల్లని నోటును కూలిగా ఇచ్చుట చట్టవిరుద్ధమని మాకు ఆనాడే తెలియును. "అందరును ఇచ్చుచున్నారు, తీసికొనువారు గూడ తీసికొనుచున్నారు" అని సమాధానపడితిమి. వారు తీసికొనక ఏమి చేయుదురు? అయినను ఆ తప్పుకంటె మమ్ము ఎక్కువగా బాధించినది మరియొకటి. ఆ తప్పును మేము ఏడెనిమిది సంవత్సరములు తెలివిగా జ్ఞాపకముంచుకొంటిమి. దానినే ఆచార్యపీఠమెక్కి విద్యగా పంచితిమి. అంగడిలో చేసిన అధర్మము ఒక శనివారముతో ముగియును. తరగతిలో నేర్పిన అధర్మము ఎన్ని శనివారములకు పోవునో ఎవరు చెప్పగలరు? అరువది మంది పిల్లలు దానిని వ్రాసికొనిరి. వారిలో పది మందియైనను రేపు కార్ఖానాలు నడపుదురు.

ఇక్కడ మా మిత్రుడొకరు అడ్డు చెప్పిరి. వారు విశ్రాంత అధ్యాపకులు. "మీరు ధర్మశాస్త్రము చెప్పుటకు పోలేదు. వ్యాపారములో జరుగునది చెప్పుటకు పోతిరి. జరుగునది చెప్పితిరి. మంచిచెడ్డల విచారము విద్యార్థి చేసికొనును" అనిరి. మరియొక మిత్రుడు ఇందుకు విపర్యయముగా, అట్టి సంగతులు తరగతిలో ఎత్తనే కూడదనియు, గురువు తన తప్పులు చెప్పుకొన్నచో శిష్యులకు గౌరవము పోవుననియు వాదించిరి. ఇద్దరి మాటయు మాకు నచ్చలేదు. మొదటివారి మాటలో ఒక మోసమున్నది. జరిగినదంతయు మేము చెప్పలేదు. మగ్గము ఆగలేదని చెప్పితిమి, వరుసలో నిలిచినవారిని చెప్పలేదు. సగము చెప్పి, మిగిలిన సగమును విద్యార్థి విచారించుకొనునని అనుట న్యాయము కాదు. రెండవవారి మాట అంగడిలో పుట్టిన మాట. నష్టము చెప్పిన పరపతి పోవునన్న వర్తకుని భయమునే వారు గురుగౌరవమని పేరు మార్చిరి.

మాకు తోచినదిది. అనుభవము గలవాడు తరగతిలో సాక్షి, న్యాయాధిపతి కాడు. తాను చూచినది, చేసినది, ఆ వేళ తనకేమి తెలిసియుండెనో, ఏమి తెలియదో, ఎవరికి ఏమి ముట్టెనో – ఇది చెప్పుట వానికే సాధ్యము, మరియెవరికిని సాధ్యము కాదు. ఈ విషయమున ఎంత పండితుడైనను ఆతనికి సాటి రాడు. కాని తాను చేసినది సరియని తీర్పు చెప్పుటకు ఆతనికి అందరికంటె తక్కువ అధికారము. సాక్షికి ఒక విధియున్నది. అడిగినప్పుడు దాచకూడదు. మఱి అనుభవమనునది మన ఒక్కరి సొత్తా? మేము నలువది సంవత్సరములలో నేర్చినదానికి రుసుము చెల్లించినది మేము మాత్రమే కాదు. మా తప్పు లెక్కలవలన ఆగిన మగ్గముమీద కూర్చున్న నేతగాడు చెల్లించెను, ఉద్దెర యిచ్చి ఎదురు చూచిన నూలు వర్తకుడు చెల్లించెను. వారి సొమ్ముతో కొన్న విద్యను మా గొప్పగా చెప్పుకొని, వారి పేరు పద్దులో వ్రాయకపోవుట దొంగలెక్క.

పండితుడైనంత మాత్రమున ఈ దోషమునుండి తప్పించుకొనునని అనుకొనరాదు. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదులోని సత్యం సంస్థ అధిపతి తానే వ్రాసిన లేఖలో, పుస్తకములందు చూపిన రొక్కములో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఒప్పుకొనెను. తెలుగువారు ఎచ్చట నున్నను తలవంచుకొన్న దినమది. 2015 ఏప్రిలులో ప్రత్యేక న్యాయస్థానము శిక్షించిన పదిమందిలో లెక్కలు తనిఖీ చేసినవారును ఉండిరి. లోకప్రసిద్ధములైన వ్యాపార విద్యాలయముల ఆచార్యులు ఆ సంస్థ డైరెక్టర్ల మండలిలో కూర్చున్నవారే. వారు మోసము చేసిరని మేము అనుట లేదు. కంపెనీలను ఎట్లు పరిపాలింపవలెనో బోధించు విద్యాలయములవారికి ఎదుటనున్న పద్దులోని బొంకు కనబడలేదని మాత్రమే అనుచున్నాము. అంగడివాడు పీఠమెక్కినను, పీఠమువాడు అంగడికి పోయినను, రెండు చోట్లను మర్యాద కొరకు ప్రశ్న మానివేసినచో ఫలము ఒక్కటే.

మంచి ఉదాహరణము లేకపోలేదు. రవి మత్తాయి ఆక్స్‌ఫర్డులో బి.ఏ. చదివి, కలకత్తాలో వ్యాపార సంస్థలలో పనిచేసి, ఆ అనుభవముతో అధ్యాపకత్వమునకు వచ్చినవాడు. 1961లో స్థాపితమైన అహమ్మదాబాదు మేనేజిమెంటు సంస్థకు 1965లో తొలి పూర్తికాలపు సంచాలకుడైనప్పుడు ఆతనికి నలువది యేండ్లు నిండలేదు. 1972లో ఎవరును పొమ్మనకుండనే ఆ పదవిని విడిచి, అదే సంస్థలో సామాన్య ఆచార్యుడుగా కూర్చుండెను. మరి కొన్ని యేండ్లకు రాజస్థానమున జవాజా ప్రాంతపు పల్లెలకు పోయి, అచ్చటి నేతగాండ్రతోను, తోలుపనివారితోను కలిసి వారు తమ కాళ్లపై నిలుచు మార్గమును వెదకెను. వ్యాపారమునుండి పీఠమునకు, పీఠమునుండి మగ్గము వద్దకు! నేత కుటుంబములో పుట్టిన మాకు ఈ చివరి మజిలీ ప్రత్యేకముగా నచ్చుట సహజము. ఆతడు బోధించుటకు పోయెనో, నేర్చుకొనుటకు పోయెనో అను సందేహము చూచువారికి కలుగును. కలుగవలెను.

ఈ సందర్భమున మరొక మాట చెప్పకుండ ఉండలేము. మాకు చెమ్మ ప్రమాణము చెప్పిన ఆ యువ అధ్యాపకుడు మహారాష్ట్రలో సి.హెచ్.బి. అని పిలుచు గంటల లెక్క ఉద్యోగి. పాఠము చెప్పిన గంటకు సొమ్ము, సెలవులకు లేదు. అన్ని అర్హతలు గల ఆతనికి శాలువ ఎవరును కప్పలేదు. అతిథిగా పోయిన మాకు కప్పిరి. ఖాళీలను నింపక, ఆ లోటును అనుభవాచార్యుల సందడితో కప్పిపుచ్చుట జరిగినచో ఇంత చర్చయు వ్యర్థము. ఎనిమిదిన్నర తెలిసినవాడు ఆకలితో నుండగా కండె నొక్కువానికి సన్మానము చేయుట విద్యాలయమునకు శోభ కాదు.

ఇక మా తరగతికి వత్తుము. మరుసటి వారము మేము కథ తీసికొని పోలేదు. బీరువా తాళము తీసి, 2016 నవంబరు నాటి హాజరు పుస్తకమును, కూలి పుస్తకమును తరగతికి తీసికొని పోయితిమి. మా కుమారునికి ఇది నచ్చలేదు. "ఇంటి పుస్తకము బయట పెట్టుదురా నాయనా?" అనెను. పేర్లు కనబడకుండ కాగితము అంటించి తీసికొనిపొమ్మని కోడలు చెప్పెను. అట్లే చేసితిమి. గతవారము మేము చెప్పినది సగమే యనియు, మిగిలిన సగమును కలిసి లెక్క కట్టుదమనియు పిల్లలతో చెప్పితిమి. బ్యాంకు గవాక్షము వద్ద మొదట మనిషికి 4,000 రూపాయలు, తరువాత 4,500, నవంబరు 18 నుండి 2,000 మాత్రమే మార్చిరి. 24వ తేదీతో అదియు ముగిసెను. అటుపిమ్మట ఖాతాలో వేసికొనుటకు డిసెంబరు 30 వరకు గడువు. ఈ తేదీలను నల్లబల్లపై వ్రాసి, ఎవరెవరు ఎన్ని దినములు పని మానవలసి వచ్చెనో హాజరు చూచి చెప్పుడంటిమి.

పిల్లలు పేజీలు త్రిప్పిరి. ఆ మూడు వారములలో గైరుహాజరు దాదాపు లేదు. అందరును దినదినము మగ్గము మీదనే యున్నట్లు గీతలు వరుసగా ఉన్నవి. నిజము చెప్పవలెనన్న, ఆ క్షణమున మా మనస్సు తేలికపడెను. పని పోలేదు, కూలి పోలేదు, అనగా నష్టము లేదు, తిరిగి ఇయ్యవలసినదియు లేదు. పద్దుపుస్తకమే మా పక్షమున సాక్ష్యము చెప్పుచున్నదని లోలోన సంతసించితిమి.

మూడవ వరుసలోని బాలిక మరల లేచెను. ఈమారు మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడినది. "మగవాళ్ళు మగ్గం మీదే ఉన్నారు సర్. లైన్లో నిలబడింది ఆడవాళ్ళు" అనెను. షోలాపురమున మన ఇండ్లలో ఆడువారు ఏమి చేయుదురో మాకు వేరుగా చెప్పనక్కరలేదు. తునికాకు తడిపి, కత్తిరించి, పొగాకు నింపి బీడీలు చుట్టుదురు. కూలి వేయి బీడీల లెక్కన. వరుసలో నిలిచిన దినమున చుట్టిన బీడీలు లేవు, తడిపిన ఆకు ఎండి పాడగును.

ఎన్ని బీడీలగునో లెక్క కట్టుమంటిమి. ఆమె సుద్దముక్క తీసికొని, మా కూలి పుస్తకపు గడులను నల్లబల్లపై దించి, వాని ప్రక్కన, మా పుస్తకములో లేని మరియొక గడిని గీసినది. దానికి పైన ఏమి పేరు వ్రాయవలెనని మా వంక చూచి అడిగినది. మేము ఆలోచించుచుండగనే గంట మ్రోగినది.